నోరు తెరిపించి వెళ్లిపోకండి: విద్యార్థులను విదేశాలకు ఆరోగ్య వాలంటీర్లుగా పంపే సంస్థలకు, కాలేజీలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నేను ఖమ్మం జిల్లాలో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. పోయిన నెల మా నోటీసు బోర్డు మీద ఒక రంగుల పోస్టరు వెలిసింది. "ఆఫ్రికాలో ఆరు వారాలు. అక్కడి యువతకు ఆరోగ్య పాఠాలు చెప్పండి" అని పైన పెద్దక్షరాలు. కింద ఫొటో. యూనిఫాం వేసుకున్న నలుగురు ఆడపిల్లల మధ్య నిలబడి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నది ఎవరా అని చూస్తే, నేనే. ఆరేళ్ల కిందటి నేను.

ఆ ఫొటో వాడొద్దని 2020 నుంచి ఆ సంస్థకు ఐదు మెయిళ్లు రాశాను. ఒక రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపాను. ముట్టినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది గానీ జవాబు రాలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే "మేడమ్, మార్కెటింగ్ వాళ్లకు చెప్తాం" అన్నారు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే మాట. ఇక నలుగురి ముందూ అడగడం తప్ప నాకు దారి లేదు. సంస్థ పేరు మాత్రం రాయను. రాస్తే ఇది నాకూ వాళ్లకూ మధ్య తగాదా అయిపోతుంది, ఇదే పని చేసే మిగతావాళ్లు హాయిగా తప్పుకుంటారు.

మీలో మంచి ఉద్దేశంతో మొదలుపెట్టినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ఆ సంగతి ఒప్పుకుని అసలు విషయానికి వస్తాను.

2019 జూలైలో టాంజానియా వెళ్లాను. బి.ఎస్సీ. నర్సింగ్ చదివి ఇంకా ఏడాది కాలేదు. ఫీజు లక్షా అరవై వేలు, విమానం టికెట్ వేరే. ఆ ఏడు మిర్చి అమ్మిన డబ్బులో సగం మా నాన్న నా చేతిలో పెట్టాడు. దార్ ఎస్ సలామ్‌లో రెండు రోజులు శిక్షణ అన్నారు. మొదటి రోజు సిమ్ కార్డులు, డాలర్లు మార్చుకోవడం, సముద్రపు ఒడ్డు. రెండో రోజు హెచ్‌ఐవీ గురించి గంట, మలేరియా గురించి గంట, స్వాహిలీ భాషకు అరగంట. మూడో రోజు ఇరింగా బస్సెక్కించారు. ఆ రోడ్డు మికుమి నేషనల్ పార్కు మధ్యలోంచి పోతుంది. కిటికీలోంచి జిరాఫీలు కనబడితే మా ఎనిమిది మందిమీ కేకలు. పక్కసీటు ముసలావిడ జిరాఫీల్ని కాదు, మమ్మల్ని చూసి నవ్వుకుంది.

ఇరింగా ఎత్తు మీద ఉంది, జూలైలో స్వెట్టర్ లేనిదే ఉండలేం. దార్ నుంచి జాంబియా వైపు పోయే లారీలన్నీ ఆ దారినే వెళతాయి. 2016-17లో టాంజానియా దేశమంతటా జరిపిన హెచ్‌ఐవీ సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదకొండు మందికి పైగా వైరస్ ఉన్నట్టు తేలిన రెండు ప్రాంతాలు న్జోంబే, ఇరింగా. దేశం మొత్తం మీద సగటు ఐదుకు అటూ ఇటూ. కాబట్టి అక్కడి పిల్లలకు ఆరోగ్య పాఠాలు అక్కర్లేదని నేననడం లేదు. చాలా అవసరం. అవసరం ఉన్నచోట చేతకాని మనుషుల్ని దించడం మీదే నా ఫిర్యాదంతా.

మాకు ఇచ్చింది ఊరి చివర ఒక సెకండరీ స్కూలు. క్లాసులో అరవై ఒక్కమంది. పిల్లలు నన్ను "దాదా" అని పిలిచేవాళ్లు. స్వాహిలీలో దాదా అంటే అక్క. అన్ననేమో "కాక" అంటారు. మన దగ్గర దాదా ఎవరో, కాక ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మందును "దవా" అంటారు, అంగడిని "దుకా" అంటారు. దవాఖాన, దుకాణం అనే మాటలతో పెరిగిన నాకు మొదటి వారం ఇదంతా చుట్టరికంలా అనిపించి భాష వచ్చేసినట్టే సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతకు తెచ్చిందో కింద రాస్తున్నాను. ఇవన్నీ ఒక్కరి అనుభవమే కదా అంటారేమో. ఆ బ్యాచ్‌లో ఎనిమిది మందిమి, తర్వాత కలిసి మాట్లాడుకున్నాం. వివరాలు మారాయి గానీ కథ ఒకటే.

1. చీటీల డబ్బా

నోటితో అడగలేని ప్రశ్నలు రాసి వేయమని చెప్పుల అట్టపెట్టెకు మూత మీద కంత పెట్టి క్లాసు మూలన ఉంచాం. ఇది మా శిక్షణ పుస్తకంలో ఉన్న పద్ధతే, మంచి పద్ధతి కూడా. మొదటి రోజు మూడు చీటీలు, రెండో వారానికి డబ్బా నిండింది. నోట్‌బుక్ చివరి పేజీలు చింపి, ఎనిమిది మడతలు పెట్టి, కొన్నింటిని అన్నం మెతుకుతో అంటించి మరీ వేశారు. చాలావరకు స్వాహిలీలో. నేను రాత్రిళ్లు ఫోన్‌లో అనువాదం చేసుకుని తెల్లారి జవాబు చెప్పేదాన్ని.

నాలుగో వారం ఒక చీటీ వచ్చింది. నీలం ఇంకు, పొందికైన అక్షరాలు. ఫోన్‌లో కొడితే "రెండు నెలలుగా నా రోజులు కనబడలేదు, ఏం చెయ్యను" అని వచ్చింది. స్కూలుకు రాలేకపోయిన రోజుల సంగతేమో, హాజరు గొడవేమో అనుకున్నాను. "టీచరుతో మాట్లాడండి, హాజరు చూసుకోండి" అని క్లాసులో అందరి ముందూ జవాబు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. అది నాకు గుర్తుంది.

ఆరో వారం, తిరుగు ప్రయాణానికి ముందురోజు, ఊళ్లో ప్రభుత్వ దవాఖానకు వెళ్లాను. జహనతి అంటారు దాన్ని, మన సబ్ సెంటర్ కన్నా కాస్త పెద్దది. అక్కడి నర్సమ్మకు మిగిలిన చీటీలతో పాటు అది కూడా చూపించాను. ఆమె చదివి నా వైపు చూసింది. "సికు జంగు" అంటే "నా రోజులు". నెలసరిని అక్కడి ఆడపిల్లలు అలాగే అంటారు. ఆ పిల్లకు రెండు నెలలుగా నెల తప్పింది.

మన ఊళ్లో ఒక పిల్ల "నేను బయట ఉన్నాను" అని చీటీ రాసి, అది చదివిన పరదేశం అమ్మాయి "అయితే లోపలికి రా" అని అందరి ముందూ చెబితే ఎట్లా ఉంటుంది? నేను చేసింది అదే.

నర్సమ్మ కోప్పడలేదు. "మీరు వెళ్లిపోయాక ఈ పిల్లలు నా దగ్గరికే రావాలి కదా, మొదటి రోజే నన్ను ఎందుకు పిలవలేదు?" అని మాత్రం అడిగింది. ఆమె దవాఖాన స్కూలుకు పదిహేను నిమిషాల నడక. ఆరు వారాల్లో మమ్మల్ని ఒక్కసారీ అక్కడికి ఎవరూ తీసుకెళ్లలేదు. వెళ్లాలని మాకూ తట్టలేదు.

ఆ చీటీ రాసింది ఎవరో, తర్వాత ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు. పోస్టరు మీదున్న నలుగురిలో ఒకరేమో కూడా తెలియదు. జవాబు చెప్పని చీటీలు నలభై మూడు మిగిలాయి. తెలివితక్కువగా వాటిని సూట్‌కేసులో వేసుకుని ఇంటికి తెచ్చాను. అది నా తప్పు, మీ మీదకు నెట్టను.

2. చట్టం తెలియని సలహా

ఆ రోజుల్లో టాంజానియాలో చదువుకునే పిల్ల గర్భవతి అయితే ఆమె చదువు అంతటితో సరి. 2017 జూన్‌లో అప్పటి అధ్యక్షుడు మగుఫులి, తన పాలనలో గర్భవతి అయిన ఏ అమ్మాయీ తిరిగి బడికి రాదని బహిరంగసభలోనే ప్రకటించారు. బడి నుంచి పంపేసే పద్ధతి అంతకుముందు నుంచే ఉంది, ఆ మాటతో అది ఇంకా బిగుసుకుంది. అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ వచ్చాక, 2021 నవంబరులో గానీ పిల్లల్ని కన్న బాలికలు మళ్లీ బడికి రావొచ్చని విద్యాశాఖ చెప్పలేదు. అంటే 2019లో ఆ నీలం ఇంకు చీటీ రాసిన పిల్ల తన చదువును పణంగా పెట్టి రాసింది. "టీచరుతో మాట్లాడు" అన్నాను నేను. ఏ టీచరుకు తెలిస్తే బడి నుంచి పంపేస్తారో ఆ టీచరు దగ్గరికే పంపాను.

ఇంకొకటి. "అనుమానం ఉంటే వెళ్లి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోండి" అని ప్రతి క్లాసులో చెప్పాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు తల్లిదండ్రుల అనుమతి కావాలని అప్పటి చట్టం. ఆ వయసును పదిహేనుకు దించింది 2019 చివర్లో, నేను వచ్చేశాక. నా మాట విని దవాఖానకు వెళ్లిన పదహారేళ్ల పిల్లాడిని "మీ నాన్నను తీసుకురా" అని వెనక్కి పంపి ఉంటే, వాడు మళ్లీ ఆ గడప తొక్కుతాడా?

మనకు 1098 హెల్ప్‌లైన్ ఉన్నట్టే అక్కడ పిల్లల కోసం 116 ఉంది. ఏ ఫోన్ నుంచైనా ఉచితం. ఆ నంబరు బోర్డు మీద రాసి వచ్చినా నా ఆరు వారాలకు ఒక అర్థం ఉండేది. నాకు ఆ నంబరు తెలిసింది ఇంటికొచ్చాక. మీ శిక్షణ పుస్తకంలో బీచ్ రెస్టారెంట్ల ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఇది లేదు.

3. మధ్యలో మాట మార్చిన సారు

ఇంగ్లిషులో నేను చెప్పింది స్వాహిలీలో చెప్పడానికి ఒక సారును ఇచ్చారు. మంచి మనిషే. కండోమ్ ఎలా పనిచేస్తుందో నేను వివరించిన రోజు ఆయన చాలాసేపు మాట్లాడారు, పిల్లలు గట్టిగా నవ్వారు. పాఠం బాగా ఎక్కిందని డైరీలో రాసుకున్నాను. రెండు వారాల తర్వాత మాతో పనిచేసే అక్కడి కుర్రాడు నిజం చెప్పాడు. "ఈ అక్క వాళ్ల దేశంలో అందరూ పెళ్లయ్యేదాకా ఆగుతారట, మీరూ ఆగండి అంటోంది" అని చెప్పారట సారు. మన దేశం సంగతి తెలిసిన నేను కూడా నవ్వాల్సిన మాటే అది.

ఆయన్ని తప్పుపట్టను. అట్లాంటివి స్కూల్లో మాట్లాడొద్దని హెడ్‌మాస్టరు ముందే చెప్పారట. మేం వెళ్లిపోతాం, ఆయన అదే ఊళ్లో ఉండాలి, అదే తల్లిదండ్రుల ముఖాలు చూడాలి. ఏది చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అని స్కూలుతో ముందుగా కాగితం మీద ఒప్పుకోవాల్సింది సంస్థ. ఆ కాగితం లేదు.

4. సూది మీద పుకారు

ఇది నా మనసులో అన్నిటికన్నా ఎక్కువ నలిగింది, కాస్త ఓపిగ్గా చదవండి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా టాంజానియాలో 2018లో దేశమంతటా మొదలైంది, పద్నాలుగేళ్ల బాలికలతో. మా డబ్బాలో దాని గురించి కనీసం ఐదు చీటీలు పడ్డాయి. ఒకదాని మాట నాకు ఇప్పటికీ గుర్తు: "ఆ సూది వేయించుకుంటే తర్వాత పిల్లలు పుట్టరట, నిజమేనా?"

ఆ ప్రశ్న నేను అంతకుముందే విన్నాను. ఖమ్మంలో.

2009లో మా జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పద్నాలుగు వేల మంది దాకా ఆడపిల్లలకు ఇదే టీకాను ప్రయోగాత్మక కార్యక్రమం కింద వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని తర్వాత విచారణలో బయటపడింది. కొందరు బాలికల మరణాలు వార్తలకెక్కాయి. 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. తేల్చింది గానీ ఆ మాట ఊళ్లకు చేరలేదు. తల్లికి చెప్పకుండా బిడ్డకు సూది వేశారన్న మాట మాత్రం చేరింది. నేనప్పుడు ఏడో తరగతి. ఆ మూడు మండలాల్లో ఏదీ మాది కాదు, మా హాస్టల్లో ఎవరికీ ఆ సూది వేయలేదు. అయినా తెల్లకోటు కనబడితే చాలు, మేం బాత్‌రూముల్లో దాక్కునేవాళ్లం. ఆ తర్వాత మామూలు ధనుర్వాతం సూదికి కూడా మా అమ్మ ఇరవై ప్రశ్నలు వేసేది.

కాబట్టి ఇరింగా పిల్లలకు ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. టీకా మంచిదని చెప్పాలి. భయం ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి. ఇట్లాంటి భయాన్నే నేనూ పడ్డానని చెప్పాలి. నాలాగా ఆ పాఠం చెప్పగలిగినవాళ్లు మీ బ్యాచ్‌లన్నీ వెతికినా దొరకరేమో. చెప్పడానికి నా దగ్గర స్వాహిలీలో ఆరు మాటలున్నాయి. సారు నా జవాబును ఒక్క వాక్యంలో చెప్పేశారు. వెనక బెంచీ పిల్ల మళ్లీ చెయ్యెత్తి ఏదో అడిగింది, గంట కొట్టారు.

మా ఊరికి వచ్చినవాళ్లు అప్పుడు తల్లులతో మాట్లాడలేదు. నేను వెళ్లిన ఊళ్లో నేను తల్లులతో మాట్లాడలేదు. ఏ తప్పు మా మీద జరిగిందని పెరిగానో అదే తప్పు నేను చేసి వచ్చాను.

5. ఆ ఇద్దరు

మాతో పాటు అక్కడివాళ్లే ఇద్దరు యువ ఆరోగ్య కార్యకర్తలు పనిచేశారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ఇద్దరికీ ఇరవై దాటలేదు. నిజానికి పని చేసింది వాళ్లే. పిల్లలు మా క్లాసులో తలలూపేవాళ్లు, సాయంత్రం బావి దగ్గర ఆ అమ్మాయిని పట్టుకుని అసలు ప్రశ్నలు అడిగేవాళ్లు. వాళ్లకు మీరిచ్చేది మధ్యాహ్నం భోజనం, బస్సు చార్జీ. మా ఎనిమిది మంది ఫీజు కలిపితే పన్నెండు లక్షల ఎనభై వేలు. అందులో ఆ ఇద్దరికీ ఎంత చేరిందని అడిగితే ఈరోజుకీ జవాబు లేదు. సర్టిఫికెట్లు కూడా మాకే ఇచ్చారు.

మన దగ్గర ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరగబట్టే గర్భిణి దవాఖానకు వస్తోందని మనందరికీ తెలుసు. ఆమె స్థానంలో ఆరు వారాలకొకసారి ఒక జర్మన్ అమ్మాయో కొరియా అబ్బాయో వచ్చి తెలుగు రాకుండా బీపీ, షుగర్‌లాంటి జబ్బుల సర్వే చేస్తే మన ఊరివాళ్లు ఏమంటారో ఊహించండి. ఆ మాటే ఇరింగావాళ్లూ అనుకుని ఉంటారు, మర్యాదస్తులు కాబట్టి పైకి అనలేదు.

6. వీసా

మమ్మల్ని పంపింది టూరిస్టు వీసా మీద. ఎయిర్‌పోర్టులో అడిగితే "చూడ్డానికి వచ్చాం" అని చెప్పమన్నారు. టాంజానియాలో వాలంటీరు పనికి టూరిస్టు వీసా చాలదు, వేరే అనుమతి తీసుకోవాలి. పట్టుబడితే వెనక్కి పంపేది విద్యార్థులను, సంస్థను కాదు. దీని గురించి ఇంతకన్నా రాయడం అనవసరం, ఇది వాదించే విషయం కాదు.

ఇంత రాశాక మీలో ఒకరు "ఎంతో కొంత అవగాహన వచ్చింది కదా" అంటారు. ఆ మాట నాకూ ఒకప్పుడు ఊరటగా ఉండేది. టాంజానియాలోనే మ్వాంజా ప్రాంతంలో "మేమా క్వా విజానా" అని ఒక పెద్ద ప్రయత్నం జరిగింది. పేరుకు అర్థం "యువతకు మేలైనవి". 1998-2002 మధ్య ఇరవై గ్రామ సముదాయాల్ని తీసుకుని, సగంచోట్ల అక్కడి ప్రభుత్వ టీచర్లకే శిక్షణ ఇచ్చి, దవాఖాన సిబ్బందికి యువతతో ఎలా మాట్లాడాలో నేర్పి, క్లాసులోని పిల్లల్నే తోటివారికి చెప్పేవాళ్లుగా తయారుచేసి ఏళ్లతరబడి నడిపారు. అంత చేశాక తేలిందేమిటి? పిల్లలకు విషయం తెలిసింది, మాటల్లో వైఖరి మారింది. హెచ్‌ఐవీ గానీ, అక్కర్లేని గర్భాలు గానీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2007-08లో మళ్లీ వెళ్లి చూసినా అంతే. అక్కడి మనుషులు, అక్కడి భాషలో, ఏళ్లపాటు చేసినా అవగాహన దగ్గరే ఆగిన పని ఇది. అరగంట స్వాహిలీతో దిగిన మేం ఆరు వారాల్లో చేస్తామని పోస్టరు మీద రాయడానికి చేతులెలా వచ్చాయి?

విదేశాలకు వెళ్లి సేవ చేయడమే తప్పని నేననను. చేసే పద్ధతులు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వపు వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ 1961లోనే, టాంజానియాను ఇంకా టాంగన్యికా అంటున్న రోజుల్లోనే, అక్కడికి మనుషుల్ని పంపింది. వాళ్ల వాలంటీరు మొదటి మూడు నెలలూ ఒక కుటుంబంలో ఉండి భాష నేర్చుకుంటాడు, తర్వాత రెండేళ్లు ఒకే ఊళ్లో ఉంటాడు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థలో 18 నుంచి 26 ఏళ్లవాళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ వాలంటీరు ఫీజు కట్టడు, బతకడానికి కావలసిన భత్యం వాళ్లే ఇస్తారు. ఈ సంగతి మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? సేవ చేయడానికి మిర్చి అమ్మి ఎదురు డబ్బు కట్టాలని మా నాన్నకు మీరు చెప్పారు, ఆయన నమ్మాడు.

కొత్త పోస్టరు మీద ఇంకో వాక్యం చూశాను. "విదేశీ సాయం ఆగిపోయింది, ఇప్పుడు మీ అవసరం మరింత ఉంది" అని. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపేశాక ఆఫ్రికా దేశాల్లో హెచ్‌ఐవీ కార్యక్రమాలు గట్టి దెబ్బ తిన్నాయి, నిజమే. జీతం ఆగింది అక్కడి కార్యకర్తలకు. వాళ్ల ఖాళీని ఫీజు కట్టిన మన పిల్లలతో నింపుతామనడం సాయం కాదు, వ్యాపారం.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. గట్టిగానే అడుగుతున్నాను, మన్నించండి.

సంస్థలకు:

1. ముఖం గుర్తుపట్టేలా ఉన్న పిల్లల ఫొటోలన్నీ వెంటనే తీసేయండి. హెచ్‌ఐవీ కార్యక్రమం పోస్టరు మీద ఒక పిల్ల ముఖం ఉంటే, ఆమె ఊళ్లో ఆమెను ఏమనుకుంటారో ఆలోచించారా? ఇకమీదట తల్లిదండ్రులు వాళ్ల భాషలో చదివి సంతకం పెట్టిన అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా వద్దు.

2. పాఠం చెప్పే భాషలో కనీసం మూడు నెలల శిక్షణ. అది కుదరకపోతే క్లాసు ముందు నిలబెట్టకండి, లెక్కలు రాసే పనో, సామాన్లు మోసే పనో ఇవ్వండి. నేను సంతోషంగా మోసేదాన్ని.

3. ఊళ్లోని దవాఖాన సిబ్బందితో రాతపూర్వక ఒప్పందం లేకుండా ఏ స్కూల్లోనూ ప్రశ్నల డబ్బా పెట్టకండి. డబ్బా తాళంచెవి ఆ నర్సమ్మ దగ్గర ఉండాలి, వాలంటీరు దగ్గర కాదు.

4. గర్భం, పరీక్షలు, వయసు, పెళ్లి, పిల్లల హెల్ప్‌లైన్ గురించి ఆ దేశపు చట్టం ఏం చెబుతోందో రెండు పేజీల్లో రాసి వాలంటీరు చేతికివ్వండి. ఏటా మారుస్తూ ఉండండి.

5. వసూలు చేసిన ఫీజులో స్థానిక కార్యకర్తలకు ఎంత వెళ్లిందో ఏటా ప్రకటించండి. ముందు వాళ్లకు జీతం, ఆ తర్వాతే మాకు టీషర్టులు.

6. సరైన అనుమతి లేకుండా ఎవర్నీ విమానం ఎక్కించకండి.

కాలేజీలకు: మీకు చెప్పేది ఎక్కువ లేదు. మీ నోటీసు బోర్డు మీద అంటిస్తే దాన్ని పిల్లలు కాలేజీ మాటగా తీసుకుంటారు. పైవాటికి రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థ పోస్టరు అంటించకండి, ఇంటర్న్‌షిప్ మార్కులు దానికి ముడిపెట్టకండి. మీలో కొందరికి విద్యార్థికి ఇంతని కమీషన్ వస్తోందని వింటున్నాను. రావడం లేదని ఎవరైనా బహిరంగంగా చెబితే సంతోషిస్తాను.

వెళ్లాలనుకుంటున్న విద్యార్థులకు: వెళ్లొద్దని అనను. నేను వెళ్లకపోతే ఈ లేఖ రాసేదాన్ని కాదు. డబ్బు కట్టేముందు మూడు అడగండి. నేను వెళ్లే ఊళ్లో నర్సు పేరేమిటి? నేను వచ్చేశాక నా క్లాసు ఎవరు తీసుకుంటారు? నా కంటే ముందు వెళ్లినవాళ్లతో, సంస్థ మనిషి పక్కన లేకుండా, ఫోన్‌లో మాట్లాడొచ్చా? తడబడితే డబ్బు ఇంట్లోనే ఉంచండి. ఇక్కడ మీ మండలంలో పదో తరగతి పిల్లలతో నెలసరి గురించి కూర్చుని మాట్లాడగలిగే మనిషి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చూడండి. భాష కూడా నేర్చుకోనక్కర్లేదు.

ఇక ఆ నలభై మూడు చీటీలు. ఇవాళ్టికీ అదే ప్లాస్టిక్ కవరులో నా బీరువాలో ఉన్నాయి. ఆ ఊరి దవాఖాన చిరునామా నా దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. నా ఐదు మెయిళ్లలో మూడింట్లో ఫొటోతో పాటు దాన్ని కూడా అడిగాను. చిరునామా ఇస్తే ఖర్చు నాదే, నేను పంపుకుంటాను. ఆరేళ్లయింది, ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి ఉంటారు. అయినా అవి ఉండాల్సింది అక్కడ.

ఈ లేఖ అందిన ముప్పై రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికీ, నర్సింగ్ కౌన్సిల్‌కూ వినతిపత్రం ఇస్తాను, మా బ్యాచ్‌లో ఐదుగురు సంతకాలు పెడతామన్నారు.

ఈలోగా మా నోటీసు బోర్డు మీది పోస్టరులో ఆ నలుగురు పిల్లల ముఖాల మీద తెల్లకాగితం ముక్కలు అంటించాను. నా ముఖం అలాగే వదిలేశాను, ఎవరైనా ఆగి ఇదేంటని అడుగుతారని. నిన్న సాయంత్రానికి ముగ్గురు అడిగారు.

ఇట్లు,
ఒక నర్సింగ్ ట్యూటర్,
ఖమ్మం జిల్లా